టోర్కిల్ తెచ్చిన కేకు

ఆ ఉదయం టోర్కిల్ నలభయ్యోసారి 'వద్దు' నొక్కాడు. తెల్లటి తెరమీద వెలిసిన బూడిదరంగులో ఉన్న ఆ మాట కోసం కళ్లద్దాలు పైకీ కిందికీ జరుపుకోవలసి వచ్చింది. 'సరే' మాత్రం తెరకడ్డంగా నీలంగా మెరిసిపోతోంది. ఆ రెంటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

ఆర్హుస్ నగరంలోని ఆ కంపెనీలో పంతొమ్మిదేళ్లుగా అతని పని ఇదే. బయటికి వెళ్లే ప్రతి యాప్‌నూ నొక్కి చూడటం, బాగుంటే కాగితం చివర పొట్టి సంతకం పెట్టడం. అది పడకుండా ఏదీ గడప దాటదు. యాభై ఎనిమిదేళ్లు, వంగిన మెడ, అరిగి నున్నబడ్డ వేలికొనలు. అంతకుమించి అతని గురించి చెప్పుకోవడానికి ఎవరికీ ఏమీ ఉండేది కాదు.

ఇది నిద్రను కొలిచే యాప్. రాత్రంతా గురక వింటుంది. విన్నది బీమా కంపెనీలకు పంపడానికి ఒప్పుకున్నట్టు ముందే టిక్కు పెట్టి ఉంటుంది. మార్చిలో అది చూసి కూడా టోర్కిల్ సంతకం చేశాడు. ఇప్పుడు అతని సంతకానికి వచ్చిన కొత్త వెర్షన్‌లో ఆ టిక్కు తీసేసే దారిని మూడు తెరల వెనక్కి నెట్టారు.

తొమ్మిదిన్నరకు కాఫీ బల్ల మీద కేకు పెట్టాడు. తప్పును బయటికి వదిలినవాడు కేకు తేవాలన్నది అక్కడి ఆనవాయితీ. అతను తేవడం ఇదే మొదలు.

"నువ్వా! ఏం చేశావయ్యా మహానుభావా?" అంది పక్క సీటు గున్‌వోర్.

"మార్చిలో పెట్టిన టిక్కు. చూసి కూడా వదిలేశాను."

మేనేజరు మాల్తె నవ్వాడు. "అది తప్పెలా అవుతుంది? మేం పెట్టమంటేనే కదా పెట్టారు. అయినా జనం తీసెయ్యలేదుగా. మౌనం అర్ధాంగీకారం."

"నిద్రపోయేవాళ్లది మౌనం కాదు, మాల్తె."

గున్‌వోర్ కత్తి అందుకుని కేకు కోయసాగింది.

"సాయంత్రంలోగా సంతకం పెట్టెయ్," అన్నాడు మాల్తె. "లేదంటే నేనే పెట్టుకుంటా. ఇక నీతో పనేముంటుంది చెప్పు?"

టోర్కిల్‌కు కోపం రావాలి. రాలేదు. సిగ్గు మాత్రం ఉంది, అదీ తిమ్మిరెక్కిన కాలులా తనది కానట్టే ఉంది. నాలుగింటికి సంతకం లేని కాగితాన్ని మాల్తె బల్ల మీద పెట్టి, దానిపైన ఆఫీసు తలుపు తెరిచే తన కార్డు ఉంచి, కోటు తొడుక్కున్నాడు. కింద సైకిల్ తాళం తీస్తుండగానే పైన మాల్తె తన సంతకం గీకేశాడు. యాప్ వెళ్లిపోయింది.

కాఫీ బల్ల దగ్గర గున్‌వోర్ పళ్లెం ఎత్తి చూపింది. "చివరి ముక్క. ఎవరికైనా కావాలా? నేను తీసుకోనా? ఏమనుకోరుగా?"

అందరూ తెరల్లో మునిగి ఉన్నారు. ఎవరూ జవాబివ్వలేదు కనుక ఆమె దాన్ని ముట్టుకోలేదు.

టోర్కిల్ ఇంటినుంచి తెచ్చిన, అంచు పగిలిన ఆ పళ్లెంలో కేకు ముక్క సోమవారం దాకా ఎండుతూనే ఉంది.