హరిత చెయ్యెత్తింది

పుంగనూరు దగ్గర పల్లెలో టమోటా పండించే గంగులయ్యకు మనవరాలంటే ప్రాణం. ఏడేళ్ల హరితకు దవడపన్ను పుచ్చి వారంగా నిద్ర లేదు. అంతకు ముందేడు కుప్పంలో ఒక డాక్టరు, ఇద్దరు మనుషుల చేత పిల్లను అదిమిపట్టించి నోరు తెరిపించాడు. అప్పట్నుంచి తెల్లకోటు కనబడితే చాలు, హరిత పళ్లు బిగబట్టేసేది.

2002 ఎండాకాలంలో, మదనపల్లెలో కమలాక్షి అనే పళ్ల డాక్టరమ్మ నిదానస్తురాలని విని తీసుకుపోయాడు. గదిలోకి అడుగుపెట్టగానే పిల్ల తాత పంచె పట్టుకుని వెనక్కి నక్కింది.

కమలాక్షి దగ్గరికి రాలేదు. ఉన్నచోటే కూర్చుని చిన్న అద్దం చాపింది. "పాపా, నాకొక సాయం చేస్తావా? మీ తాతకు పళ్లెన్ని ఉండాయో లెక్కపెట్టాల."

గంగులయ్య పళ్లు చూసే కుర్చీ వంక చూశాడు. అరవై రెండేళ్లలో ఆయన అలాంటి కుర్చీ ఎక్కి ఎరగడు. ఏడాదిగా ఒక పన్ను సలుపుతున్నా లవంగం అదుముకుని గుట్టుగా నెట్టుకొస్తున్నాడు. కానీ పిల్ల చూస్తోంది. ఎక్కి కూర్చున్నాడు.

హరిత అద్దం పెట్టి లెక్కించింది. "ఇరవై మూడు. ఈడొకటి నల్లగా ఉండాది తాతా. యాల చెప్పలే?"

"బయమేసింది తల్లీ."

తాతకు భయమేస్తుందని ఆ పిల్ల ఎన్నడూ అనుకోలేదు. ఆయన ముఖం వంకే చూసి, చెయ్యి పట్టుకుంది.

"తాతా, ఆ పన్ను చుట్టూ శుభ్రం చేస్తాను. ఓర్చుకోలేకపోతే చెయ్యెత్తు, ఆపేస్తా," అంది కమలాక్షి. మిషను గుయ్యిమంది. చల్లటి నీళ్లు తగలగానే గంగులయ్య చెయ్యి దానంతటదే లేచింది. చప్పుడు టక్కున ఆగిపోయింది.

హరిత డాక్టరమ్మను తేరిపార చూసింది. "నేనెత్తినా నిలిపేస్తావా?"

"ఎన్నిసార్లెత్తినా."

తాత దిగాక పిల్ల తానే ఎక్కింది. కమలాక్షి చిగుళ్లకు మందు పూసి, చీమ కుట్టినట్టుంటుందని ముందే చెప్పి సూది వేసింది. పెదవి మొద్దుబారాక మిషను పెట్టింది. హరిత చెయ్యెత్తింది. ఆగింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ ఆగింది. పిల్ల ఊరికే పరీక్ష చేస్తోందని గంగులయ్యకు అర్థమై కసరబోతే, డాక్టరమ్మ వద్దని తలూపింది. ఆ తర్వాత పుచ్చు తీసి పన్ను నింపేదాకా పిల్ల చెయ్యి ఒళ్లోంచి కదల్లేదు.

గంగులయ్య పన్ను పీకడానికి బుధవారం రమ్మంది కమలాక్షి.

మెట్లు దిగుతూ హరిత మొద్దుబారిన పెదవితోనే అంది: "బుధవారం నేనూ వస్తా తాతా. ఒక్కడివే పోవాకు."