పిల్లల ఇల్లు

ఇస్త్రీపెట్టె మగవాళ్ల నీలం చొక్కాల మీద తిరుగుతూనే ఉంది కానీ, బ్రూరియా చూపంతా మూలనున్న మూట మీదే ఉంది. పిల్లల ఇంటి నుంచి వచ్చిన ఆ మూటలో కూతురు నోగా పక్కగుడ్డ ఈరోజు కూడా తడిసే ఉంది. నోగాకు అయిదేళ్లు. పొలం, పని, సొమ్ము అన్నీ ఉమ్మడిగా ఉండే యూదుల పల్లె ఈ కిబ్బుట్జ్. ఇక్కడ పుట్టిన పిల్లలందరిలాగే, పురిటి రోజుల నుంచీ తల్లి దగ్గర కాక పిల్లల ఇంట్లోనే పడుకుంటోంది. సాయంత్రం కాసేపు అమ్మానాన్నల గదిలో ఉంటుంది. చీకటి పడేలోగా తిరిగి అప్పగించెయ్యాలి.

"అక్కడ నీదీ నాదీ లేదు, ఆడా మగా తేడా లేదు" అని చెప్పి నహూమ్ ఆమెను పెళ్లాడి ఈ గలిలయ కొండల కిందికి తీసుకొచ్చాడు. ఆమె నమ్మింది. మగవాళ్లతో సమానంగా పొలంలో రాళ్లు ఏరింది, ట్రాక్టరు నడిపింది. నెల తప్పగానే దిగమన్నారు. మళ్లీ ఎక్కమన్నవాళ్లు లేరు, ఊరందరి బట్టలుతికే ఈ పనిలో పెట్టారు. సమానత్వమంటే ఒక్క మొగుడి చొక్కా బదులు ఊళ్లో మొగుళ్లందరి చొక్కాలూ ఉతకడమా? "ఇంటి చాకిరీ నుంచి నిన్ను విడిపించాం కదా" అంటాడు కార్యదర్శి జెలిగ్, నవ్వుతూ. ఎవరికి ఏ పని, ఎవరికి ఏ గౌను, అన్నీ ఊరందరూ కూర్చునే సభే తేలుస్తుంది. ఇక్కడ ఆకలి లేదు, అప్పు లేదు, అడుక్కునేవాడు లేడు. స్వర్గమే! ఏడ్చే బిడ్డను ఎత్తుకోవడానికి మాత్రం స్వర్గంలో అనుమతి కావాలి.

శనివారం సభలో లేచి అడిగేసింది. "నోగా రాత్రిళ్లు భయపడి ఏడుస్తోంది. కొన్నాళ్లు నా గదిలో పడుకోబెట్టుకుంటాను."

"లోకంలో నీ ఒక్కదానికే బిడ్డ ఉన్నట్టు మాట్లాడతావేం?" అంది పిల్లల ఇల్లు చూసే హదస్సా.

"ఇవాళ నువ్వు, రేపు ఇంకొకరు. ఎవరి గూట్లో వాళ్లు దూరితే ఇక ఇదంతా ఎందుకు?" అన్నాడు జెలిగ్. "మనం స్వార్థం లేని మనుషుల్ని పెంచుతున్నాం, బ్రూరియా. వద్దనేవాళ్లు చేతులెత్తండి."

చేతులు లేచాయి. పక్కనే కూర్చున్న నహూమ్ చెయ్యి కూడా లేచింది.

"సొంత కూతురని పక్షపాతం చూపిస్తే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు గదికి నడుస్తూ.

మర్నాడు సాయంత్రం అప్పగించే వేళకి నోగా తనంతట తనే బూట్లు తొడుక్కుంటోంది. బ్రూరియా వంగి వాటిని విప్పేసింది.

గుమ్మంలో హదస్సా. "టైమైంది, పంపు."

"పంపను."

"సభ తేల్చేసింది కదా, బ్రూరియా!" అన్నాడు నహూమ్.

"సభకి దాని ఏడుపు వినపడదు. నీకు వినపడుతుంది. విని కూడా చెయ్యెత్తావు."

ఆమె హదస్సా ముఖం మీదే తలుపు మూసింది.

"మనల్ని వెళ్లగొడతారే" అన్నాడతను నీరసంగా.

బ్రూరియా మంచం సర్దింది. "గోడ పక్కన పడుకుంటావా, ఇటు పక్కనా? నీ ఇష్టం, తల్లీ."

నోగా తండ్రిని చూసింది. మూసిన తలుపుని చూసింది. ఏది తప్పో తెలియక మంచం దగ్గరే నిలబడిపోయింది.

"అందరూ ఎటు పడుకుంటారమ్మా?"

బ్రూరియా ఒళ్లంతా భగ్గుమంది. పిల్లను ఒడిలోకి లాక్కుని నహూమ్ వైపు తిరిగింది.

"వాళ్లు వెళ్లగొట్టేదాకా ఆగను. రేపు పొద్దున బస్సుకి మేం పోతున్నాం. నువ్వొస్తావో రావో చెప్పు. సభని అడక్కుండా చెప్పు."