నాలుగు గంటల యాభై నిమిషాలు

"అమ్మకి టికెట్ చూడు. మోకాళ్లతో అవస్థ పడుతుంది, మధ్యలో ఎక్కడా విమానం మారే పని లేకుండా చూడు," అన్నారు మా ఆయన, షూ లేసులు కట్టుకుంటూ. ఆడపడుచు వాళ్లు ఆ ఊరికి బదిలీ అయి నెల కూడా కాలేదు. కూతురి కొత్త ఇల్లు చూడాలని అత్తయ్యకు ఒకటే తొందర.

టికెట్లు తీయడం, మందులు సర్దడం, ఫారాలు నింపడం ఈ ఇంట్లో నా పనులే. బడికి వెళ్లేముందు, కుక్కర్ కూతల మధ్య కంప్యూటర్ తెరిచాను. ఆ ఊరి పేరు కొట్టడానికి వేళ్లు రాలేదు. మూడేళ్ల క్రితం మా అక్క పోయింది అక్కడే, నేనెప్పుడూ వెళ్లని ఊళ్లో.

తెర మీద రెండు ఊళ్ల మధ్య ఒక వంపు గీత. మూడు వేల నాలుగు వందల కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానం. నాలుగు గంటల యాభై నిమిషాలు.

పొరపడ్డాననుకుని పేరు మళ్లీ కొట్టాను. తొమ్మిదో తరగతికి దూరం, వేగం, కాలం చెప్పేదాన్ని కదా, కాగితం మీద వేసి కూడా చూశాను. అంతే వచ్చింది.

అప్పుడు అక్క ఆసుపత్రిలో మూడు రోజులుంది. "రెండు చోట్ల మారాలి. ఎంత లేదన్నా రెండు రోజులు. నువ్వెళ్లేసరికి ఏం మిగులుతుందే?" అన్నారాయన. నేను ఏడుస్తుంటే భుజం మీద చెయ్యి వేసి, "పిల్లలకి లెక్కలు చెప్తావు గానీ నీకు దిక్కులు తెలీవు," అని నవ్వించబోయారు కూడా. ఎంత మంచి మనిషి అనుకున్నాను. అక్కడ స్పృహ వచ్చినప్పుడల్లా అక్క బావని అడిగిందట, "చెల్లి బయల్దేరిందా?" అని.

విమానాల ఆఫీసుకు ఫోన్ చేశాను. "ఇది కొత్తగా వేసిన సర్వీసా అండీ?"

"లేదు మేడమ్, తొమ్మిదేళ్లుగా రోజూ ఉంది."

సాయంత్రం ఆయన్ని అడిగాను. "ఇప్పుడెందుకా సోది? అప్పుడు అమ్మకి ఆపరేషనై పది రోజులు కాలేదు. నువ్వెళ్తే చూసేదెవరు?"

"వాణ్ణేమీ అనకు, నేనే అలా చెప్పమన్నాను," అంది అత్తయ్య గుమ్మంలోంచి. "నువ్వేమన్నా డాక్టరువా, వెళ్లి బతికించడానికి?"

అక్క ఊపిరి పోయిన రోజున ఈవిడ కాలికి కట్టు మార్చి, గోరువెచ్చని నీళ్లతో ఒళ్లంతా తుడిచాను. ఆవిడ నా తల నిమిరింది. తెలిసే నిమిరిందన్నమాట.

మర్నాడు బడికి సెలవు పెట్టి టికెట్ తీశాను, నా పేరు మీద.

"మళ్లీ ఎప్పుడొస్తావు?" అన్నారాయన.

"తిరుగు టికెట్ తీయలేదు."

విమానంలో ఇచ్చిన టీ తాగి, ఒక కునుకు తీసి లేచేసరికి బెల్టులు పెట్టుకోమన్నారు. అంతే. అంతేనా అని కిటికీకి నుదురానించి ఏడ్చాను. పక్క సీటావిడ ఏమీ అడక్కుండా రుమాలు ఇచ్చింది.

తలుపు తీసింది అక్క కూతురు. నా భుజం దాటి ఎదిగింది. మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. గ్లాసునే చూస్తూ, "అమ్మ అన్నిసార్లు పిలిచినా ఎందుకు రాలేదు పిన్నీ? అంత దూరమా?" అంది.

"దగ్గరేనమ్మా," అన్నాను. "దూరమని చెప్పారు. నేను కొలిచి చూసుకోలేదు."