మూతి విచ్చుకోని గొర్రె

పాలసీసా మరిగించమని మొగుడు ఫిన్నీకి చెప్పిందా లేదా, చెప్పే ఉంటుంది, స్కూటీ తీస్తూ వాకిట్లో చెప్పినట్టే గుర్తు, లేక అది నిన్నటి సంగతా, ఎనిమిది నెలల పాపతో రాత్రంతా నిద్రలేక కళ్లల్లో ఇసుక పోసినట్టుంది, చెయ్యి మాత్రం దాని పని అది చేస్తోంది, గ్లౌజు తొడిగిన వేళ్లు గొర్రె లోపల నెమ్మదిగా ముందుకెళ్లి గర్భసంచి మూతి దగ్గర ఆగిపోయాయి, రెండు వేళ్లు పట్టడమే గగనం, చుట్టూ కడియంలా బిగుసుకుని ఉంది, ఆ కడియం అవతల పిల్ల గిట్ట తగిలింది, కదిలింది కూడా, బతికే ఉంది, ఏందమ్మా డాక్టరమ్మా, పిల్ల అడ్డం తిరిగిందా, అంటోంది గొర్రె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న యల్లమ్మ, తెల్లారగట్ల నుంచి ముక్కుతా ఉంది, నీళ్లసంచి గూడా పగిలిపాయె, అడ్డం తిరగలేదు పెద్దమ్మా, మూతి విచ్చుకోలేదు, అంది హన్నా, అంటుంటే తన పొత్తికడుపు మీది కాన్పు కుట్ల మచ్చ దగ్గర చురుక్కుమంది.

కాల్షియం ఎక్కించింది, మూతి మెత్తబడేందుకు హార్మోన్ ఇంజెక్షన్ వేసింది, ఇక ఎదురుచూడటమే, రేకుల పందిరి కింద తిరగేసిన బకెట్ మీద కూలబడితే నడుము లాగుతోంది, ఇదంతా తను చదివిందే, పీజీ అంతా గొర్రెల గర్భసంచి మూతి మీదే పనిచేసింది, చూలుతో ఉన్నన్నాళ్లూ ప్రొజెస్టిరోన్ అనే హార్మోన్ దాన్ని గట్టిగా మూసి ఉంచుతుంది, నెలలు నిండాక అది తగ్గి ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, ప్రోస్టాగ్లాండిన్లు వచ్చి ఎండిన తోలును నానబెట్టినట్టు మెత్తన చేస్తాయి, అన్నీ వరసలో వస్తేనే పిల్లకు దారి, ఒకే మందు, ఒకే మోతాదు, ఒక గొర్రెకు హాయిగా విచ్చుకునేది, పక్కదానికి ఇసుమంతైనా కదిలేది కాదు, ఎందుకో గైడుకూ తెలియదు, తనకు కాన్పు నొప్పులొచ్చిన రోజు మార్కాపురం ఆస్పత్రిలో చేతికి పెట్టిన డ్రిప్‌లోనూ చదువు నాటి పాత చుట్టమే, నొప్పులు పెంచే ఆక్సిటోసిన్, నర్సు వచ్చి చూడటం, ఇంకా తెరుచుకోలేదనడం, మళ్లీ రావడం, మళ్లీ అదే మాట, పొద్దుగూకేసరికి బిడ్డ గుండె నెమ్మదించిందని కోసి తీశారు, చూడొచ్చినవాళ్లతో అత్త మంచం పక్కనే నిలబడి, మేము కందిచేలోనే కని కొంగున చుట్టుకొచ్చినాము, ఇప్పటోళ్లకు ఓర్పేడిదమ్మా, అంది, ఊరందరి గొర్రెలకు కాన్పులు చేస్తది, తనది తనకు చేతగాలా, అని ఇంకెవరో అన్నారు, ఫిన్నీ నవ్వాడు, తనూ నవ్వింది, నవ్వితే కుట్లు లాగాయి, అప్పటి నుంచి అద్దంలో ఆ మచ్చ కనిపించినప్పుడల్లా చూపు తిప్పుకుంటుంది, అదేదో పరీక్షలో తప్పినట్టు.

గొర్రె గొంతెండినట్టు అరిచింది, ఆ అరుపుకు ఉన్నట్టుండి పాలు చేపుకొచ్చి చొక్కా తడిసింది, గొర్రెకూ పాపకూ తేడా తెలియని ఒళ్లు, ఇదీ ఆక్సిటోసిన్ పనే, అక్కర్లేనప్పుడు ఇట్లా పొంగుతుంది, కోటు ముందుకు లాక్కుంది, యల్లమ్మ చూడనే చూసింది, పసిబిడ్డను ఇడిసిపెట్టి వచ్చినావా తల్లీ, అంది, గొర్రె పొట్ట తడిమి, చెయ్యి పెట్టి గుంజేద్దామా, మా అత్త అట్లనే గుంజేది, అంది, గుంజితే మూతి చిరిగిపోతుంది పెద్దమ్మా, రక్తం ఆగదు, ఇంకాసేపు చూద్దాం, చూశారు, ఎండ పందిరి లోపలికి జరిగింది, మళ్లీ గ్లౌజు, మళ్లీ అదే కడియం, లోపలి గిట్ట ఈసారి కదిలీ కదలనట్టుంది, ఇక ఆగితే తల్లీ దక్కదు, కోయాలి పెద్దమ్మా, అనేసరికి యల్లమ్మ మొహం వాడిపోయింది, బతుకుతదా, చూస్తాను, ఒట్టు మాత్రం వెయ్యలేను, సరేమ్మా, నీ చేతుల్లో పెట్టినా.

ఎడమ డొక్క మీద బొచ్చు గొరిగి, మత్తు సూది వేసి కోసింది, అలసట అంతా ఎక్కడికో పోయింది, మొదటి పిల్ల ఊపిరి లేకుండా చల్లబడి వచ్చింది, పక్కన పెట్టింది, రెండోదాన్ని కాళ్లు పట్టుకుని పైకి తీస్తే ముక్కులోంచి జిగురు కారింది, యల్లమ్మ గోనెపట్టాతో రుద్దింది, రుద్దుతూనే ఉంది, పిల్ల తుమ్మింది, సన్నగా అరిచింది, దాన్ని గొర్రె మూతి దగ్గర పడుకోబెట్టి యల్లమ్మ చచ్చిన పిల్ల వైపు ఒకసారి చూసింది, హన్నా కుట్లు వేస్తూ ఆ చూపు చూసింది, ఇప్పుడు తిడుతుందేమో గొర్రెను, యల్లమ్మ కొంగుతో గొర్రె నోటి నురగ తుడిచి, నువ్వేం జేస్తావే నా తల్లీ, మూసుకోమంటే మూసుకుంటదా, తెరుసుకోమంటే తెరుసుకుంటదా, అని దాని చెవులు నిమిరింది, హన్నా చేతిలో సూది ఆగింది, ఇన్నేళ్లలో ఎన్ని గొర్రెలకు ఇట్లా అయింది, ఏ ఒక్కదాన్నైనా ఓర్పు లేనిదని అనుకుందా, చేతగానిదని అనుకుందా, మందు పనిచెయ్యలేదు అనుకుని మరో దారి వెతికింది, నోరులేని జీవం మీద చూపిన ఆ పాటి న్యాయం తన ఒంటికి మాత్రం ఈ ఎనిమిది నెలలూ దక్కనివ్వలేదు, అత్త అన్నది ఒక్కరోజే, మిగిలిన రోజులన్నీ ఆ మాట అంటూ వచ్చింది తనే.