అడిగి వెళ్ళినవాళ్ళు

"చేలోకి వెళ్ళేటప్పుడు నీళ్ళు ఎందులో తీసుకెళ్తారండీ?" అని అడిగింది సర్వే ఫారంతో వచ్చిన అహల్య.

పున్నమ్మ చేతిలో పని ఆపి గడపలో ఉన్న కూతురి వైపు చూసి నవ్వింది. ఆమెకు నవ్వు వచ్చింది ప్రశ్నకు కాదు, ఆ "అండీ"కి. నలభై ఏళ్ళు వచ్చినా చదువుకున్న మనిషి ఎవరూ తనను అలా పిలవలేదు.

"ఇదుగో అమ్మాయిగారూ, దీంట్లోనే," అంది, ముందున్న రేకు డబ్బాను చూపించి. పత్తికి కొట్టే పురుగుమందు వచ్చిన డబ్బా అది. బూడిదా చింతపండూ వేసి దాన్నే తోముతున్నది. "మా రైతు వెంకటరత్నంగారు ఖాళీ అయినవి మాకే ఇస్తారు. కుండయితే గట్టు మీద పెడితే పగిలిద్ది. దీనికి మూతుంది, కారదు. నాలుగు రోజులు వాసనొచ్చిద్ది, తరవాత పోద్ది."

"ఆ నీళ్ళు తాగితే ఏమీ అనిపించదా?"

"ఒక్కోసారి తల తిప్పిద్ది. మొన్న మా బేబికి వాంతులయినయ్యి. ఎండకేలే అనుకున్నాం."

అహల్య చేతిలోని ఫారంలో నీటి పాత్రలకు మూడు గడులున్నాయి: కుండ, ఇత్తడి బిందె, ఇతరములు. మూడో గడిలో "పురుగుమందు డబ్బా" అని రాసింది. అనారోగ్యం అన్నచోట "కూతురికి వాంతులు" అని రాసింది. కలం ఒక్క క్షణం ఆగింది. ఏదో చెప్పబోయి, ఊరుకుని, తరువాతి ప్రశ్నకు వెళ్ళింది.

పద్దెనిమిదేళ్ళ బేబి అప్పటిదాకా గడప పట్టుకుని నిలబడి వింటున్నది. పోయిన ఏడాది వయోజన విద్యా కేంద్రంలో అక్షరాలు నేర్చుకున్న పిల్ల.

"అక్కా, నా పేరు నేను రాస్తా. ఇటివ్వండి," అని కలం అందుకుని, ఫారం చివర, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, "బేబి" అని వంకరటింకరగా రాసింది. రాసి, పొరపాటేమైనా ఉందేమోనని రెండుసార్లు చూసుకుంది. అహల్య నవ్వి, ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది.

అది 1981 దసరా సెలవుల నాటి సంగతి. వత్సవాయి పక్కన కూలి జనం ఉండే చిన్న పల్లెలో జరిగింది. ఎం.ఏ. చదువుతూ గ్రామాలకు పనికొచ్చే ప్రాజెక్టులు చేస్తున్న విద్యార్థులకు ఒక స్వచ్ఛంద సంస్థ నందిగామలో పదిరోజుల వర్క్‌షాపు పెట్టింది. నందిగామలో వర్క్‌షాపంటే లారీలు బాగుచేసే షెడ్డని అర్థం. "మీరు ఏ బండి రిపేరు చేస్తారమ్మా?" అని వెంకటరత్నం కూడా మొదటిరోజు అహల్యను వేళాకోళం చేశాడు.

వర్క్‌షాపులో నేర్పినవన్నీ మంచి విషయాలే. కూలి మనిషి నేల మీద కూర్చుంటే నువ్వు మంచం మీద కూర్చోకూడదు. మనిషి కళ్ళలోకి చూసి అడగాలి. "మీరు" అనాలి. చార్టు ఎలా గీయాలి, నివేదిక ఎలా రాయాలి, ఏడు నిమిషాల్లో సభలో ఎలా మాట్లాడాలి, అన్నీ వర్క్‌షాపు నడిపిన కామేశంగారు ఓపికగా నేర్పారు. ఆయన పాతికేళ్ళు పల్లెలు తిరిగిన మనిషి. బస్సు దొరక్కపోతే ఆరేడు మైళ్ళు నడిచి వెళ్ళేవారు.

ఆ సాయంత్రం నందిగామ చేరగానే అహల్య ఆయన దగ్గరకు వెళ్ళింది.

"సార్, వాళ్ళు మందు డబ్బాల్లో నీళ్ళు తాగుతున్నారు. వద్దని చెప్పనా?"

కామేశంగారు తల అడ్డంగా ఊపారు. "నెలన్నర తరవాత రెండో విడత సర్వే ఉంది కదమ్మా. ఇప్పుడు మనం చెప్తే వాళ్ళు మానేస్తారు. మన లెక్క చెడిపోతుంది. ఒక్క పల్లెలో చెప్పి ఏం లాభం? లెక్కలతో నివేదిక ఇస్తే ప్రభుత్వం తాలూకా మొత్తానికి చెప్తుంది. నువ్వు సిఫార్సుల్లో గట్టిగా రాయి."

పాఠకులు ఆయనను దుర్మార్గుడని అనుకోవద్దు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా నమ్మి చెప్పారు. అహల్య కూడా నమ్మింది. నమ్మటం సుఖంగా ఉంది గనుక ఇంకా త్వరగా నమ్మింది. డబ్బాల విషయం సిఫార్సుల్లో నాలుగోదిగా, చక్కని భాషలో రాసింది. ముగింపు సభలో ఆమె నివేదికే మొదటిదని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. వేదిక మీద గొంతు వణక్కుండా మాట్లాడగలిగినందుకు ఆ రోజు ఆమె ఎంతో గర్వపడింది. నివేదిక టైపు చేయించి మూడు కార్యాలయాలకు పంపారు. జవాబు ఎక్కడినుంచీ రాలేదు.

నవంబరు నెలాఖరున రెండో విడత ఫారాలు పట్టుకుని అహల్య మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళింది. పున్నమ్మ ఇంటి ముందు ఊడ్చిన జాడ లేదు. లోపల పున్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"బేబి పనికెళ్ళిందాండీ?" అని అడిగింది అహల్య.

పున్నమ్మ తలెత్తి చూసింది. "బేబి లేదమ్మాయిగారూ. చచ్చిపోయి పద్దెనిమిది రోజులయింది."

ఆమె చెప్పింది ఇది. ఆ రోజు తల్లి మిరపచేలోకి, కూతురు పత్తిచేలోకి వెళ్ళారు. పాత డబ్బాకు చిల్లు పడితే బేబి చేలోనే కొత్తగా ఖాళీ అయిన డబ్బా అడిగి తీసుకుంది. కాలవలో రెండుసార్లు తొలిచి నీళ్ళు పట్టుకుంది. మధ్యాహ్నం అన్నం తిని ఆ నీళ్ళే కడుపునిండా తాగింది. గంట తిరక్కుండా మొక్కల మధ్య పడిపోయి కొట్టుకుంది. నోటివెంట నురగ. వెంకటరత్నం ట్రాక్టరు కట్టించి జగ్గయ్యపేట తీసుకెళ్ళాడు గాని, చిల్లకల్లు దాటకముందే ప్రాణం పోయింది.

"పిల్ల పోయింది. అదొక ఏడుపు," అంది పున్నమ్మ. "నోట్లో మందు వాసనొచ్చిందని ఊరంతా ఒకటే మాట. మందు తాగి చచ్చిందంట. వయసులో ఉన్న పిల్ల ఊరకే ఎందుకు తాగిద్ది, ఏదో చేసుంటదంట. బావి కాడ నన్ను చూసి మాటలాపేస్తున్నారు. నా పిల్ల పొద్దున నాతో నవ్వుకుంటా పోయిందమ్మా. జడలో పూలు పెట్టుకుని పోయింది."

అహల్య చేతిలోని ఫారాలు కింద పెట్టింది.

పున్నమ్మ ఆమె దగ్గరకు జరిగింది. "మీరు చదువుకున్నోళ్ళు. నిజం చెప్పండి. ఆ డబ్బాలో నీళ్ళకి మనిషి పోతాడా?"

"పోతారు పున్నమ్మగారూ."

"మీకు ముందే తెలుసా?"

ఇంటి వెనక ఎవరో వడ్లు దంచుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది. తెలియదని అనటానికి అహల్యకు ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని ఎదురుగా ఉన్న ఆ ముఖాన్ని చూసి అబద్ధం ఆడలేకపోయింది.

"తెలుసు," అంది. "ఆ రోజు చెప్పాలనుకుని కూడా చెప్పలేదు."

పున్నమ్మ తిట్టలేదు. ఏడవలేదు. లేచి, కొంగు దులిపి నడుముకు చుట్టింది.

"మీ కాయితంలో రాశారు గదా, మేం ఆ డబ్బాలో తాగుతున్నామనీ, అంతకు ముందే నా పిల్లకు వాంతులయినయ్యనీ? ఆ కాయితం పట్రండి. నలుగురిలో చదవండి. అదొక్కటీ చేసి పెట్టండి."

మొదటి విడత ఫారాలు నందిగామలో బీరువాలో ఉన్నాయి. సంస్థవాళ్ళు బయటికి ఇవ్వటానికి ఇష్టపడలేదు. అహల్య కామేశంగారి ఎదుట నిలబడి జరిగినదంతా చెప్పింది. ఆయన బీరువా తాళం తీసి, ఫారం ఆమె చేతికిచ్చి, చెప్పులు తొడుక్కుని తానూ బయలుదేరారు.

మర్నాడు పొద్దున పంచాయతీ ఆఫీసు ముందు పల్లె జనమూ రైతులూ చేరారు. అహల్య ఫారం విప్పి చదివింది. ఏడు నిమిషాలు మాట్లాడటం నేర్చుకున్న మనిషికి ఆ నాలుగు ముక్కలు చదవటానికి మూడుసార్లు ఆగి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. చివర బేబి రాసిన పేరు చూపించింది. "ఈ అమ్మాయి మందు తాగి చనిపోలేదు. నీళ్ళు తాగి చనిపోయింది. ఆ డబ్బా ప్రమాదమని నాకు తెలిసి కూడా నేను చెప్పలేదు," అంది.

వెంకటరత్నం కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని, "పాపం, ఉపయోగపడతాయని నేనే ఇచ్చేవాణ్ణి," అని గొణిగాడు. బావి దగ్గర మాటలాపేసిన ఆడవాళ్ళలో ఒకామె వచ్చి పున్నమ్మ పక్కన కూర్చుంది.

ఆ రోజే పున్నమ్మ ముందు నడుస్తూ ఇల్లిల్లూ చూపించింది. ముప్పై ఒక్క డబ్బాలు బయటపడ్డాయి. వెంకటరత్నమే గునపం తెచ్చి ఒక్కొక్కదాని అడుగూ పొడిచాడు. కామేశంగారు ఎండలో నిలబడి, మందు ఒంట్లోకి ఎలా చేరుతుందో గడపగడపకూ చెప్పారు. మధ్యలో ఒకసారి ఆయన పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకోవటం అహల్య చూసింది.

ఊరు ఆ తరువాత బేబి గురించి చెడుగా మాట్లాడటం మానేసింది. అంతకుమించి పున్నమ్మకు దక్కింది ఏమీ లేదు. అహల్య ఆ ఏడాది చాలాసార్లు ఆమె ఇంటికి వెళ్ళింది. పున్నమ్మ పీట వేసేది, మజ్జిగ ఇచ్చేది, అడిగినదానికి జవాబు చెప్పేది. "అమ్మాయిగారూ" అని మాత్రం మళ్ళీ నోరారా పిలవలేదు. క్షమించిందో లేదో అహల్యకు తెలియదు. అడిగే ధైర్యం ఆమెకు కలగలేదు.

మరుసటి ఏడు వర్క్‌షాపు జగ్గయ్యపేటలో జరిగింది. మొదటి పాఠం చెప్పమని కామేశంగారు అహల్యను పిలిచారు. చార్టులూ సుద్దముక్కా ముట్టుకోకుండా ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. నలభైమంది విద్యార్థులు తలలు వంచుకుని విన్నారు. చివర వెనక వరసలో ఒక అబ్బాయి సంకోచిస్తూ లేచాడు.

"మేడం, మనం చెప్తే సర్వే లెక్క చెడిపోతుంది కదండీ. మరి ప్రాజెక్టు ఎలా?"

అహల్య కామేశంగారి వైపు చూసింది. ఆయనే లేచి వచ్చి ఆ అబ్బాయి భుజం మీద చెయ్యి వేశారు.

"కిందటేడు ఈ అమ్మాయి ఇదే మాట ఇంకో రకంగా నన్ను అడిగింది, బాబూ. నేను తప్పు జవాబు చెప్పాను. ఇప్పుడు నీకు సరైనది చెప్తా విను. లెక్క చెడితే మళ్ళీ వేసుకోవచ్చు. ఒక ఇంట్లో ప్రమాదం ఉందని కళ్ళతో చూసి, తెలిసింది ఒక్క ముక్క చెప్పకుండా వచ్చామా, ఆ తరవాత మనం ఎంత మంచి నివేదిక రాసినా అది మన తప్పుకు సాక్ష్యమే అవుతుంది. మనిషికి మేలు చెయ్యటానికి వెళ్ళినవాడు మొదట ఆ మనిషికే చెప్పాలి, కాయితానికి తరవాత."