పట్టేసిన చుక్కాని

అది పంతొమ్మిది వందల ఎనభై ఏడు, వానలు వెనకపట్టిన రోజులు. పడవల మరమ్మతు షెడ్డులో మేస్త్రి పొద్దున్నే గోనెసంచి పరుచుకుని తెరచాప పడవ వెనక చతికిలబడ్డాడు. ఒక కాలు చాపుకునే కూర్చున్నాడు. ఎడమ మోకాలు తొమ్మిదేళ్లుగా వంగదు.

చుక్కాని ఇరుసు తిరిగే బేరింగులకు ఏటా గ్రీజు పెట్టడం ఆయన పని. పాతది గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, అప్పుడు కొత్తది పెట్టాలి. తుడిచినవాడి ఒంట్లో ఏదో ఒక కీలులోకి బేరింగు బిగువు దిగుతుంది. కొద్దిపాటిదైతే వారంలో పోతుంది. బాగా పట్టేసినదైతే ఉండిపోతుంది. ఆ రేవులో ఎవర్నైనా పనిలో పెట్టుకునే ముందు కీళ్లు వంచి చూసేవాళ్లు.

నిరుడు ఆయనకు విసుగొచ్చింది. పాత గ్రీజు తుడవకుండా దానిమీదే కొత్తది పులిమేశాడు. లోపల ఉప్పు గడ్డకట్టింది. నిన్న పడవ రాళ్ల సందు దాటుతుండగా చుక్కాని తిరగకుండా పట్టేసింది. జనాన్ని అవతలి ఒడ్డుకు దాటించే ఆ పడవ నడిపేది ఆయన కూతురే. జానెడు దూరంలో రాయి తప్పింది.

"నాన్నా, నిరుడు తుడిచావా లేదా?"

"తుడిచాను."

"నా మొహం చూసి చెప్పు."

ఆయన గ్రీజు డబ్బా వైపు చూశాడు. "లేదులే. ఈ మణికట్టన్నా మిగులుతుందని ఆశపడ్డాను."

"రేపు పన్నెండు మంది ఎక్కుతారు. నువ్వు లే, నేను తుడుస్తాను."

"తుడిచి? బిగుసుకున్న చేత్తో చుక్కాని ఎలా పడతావు, పళ్లతోనా?"

కూతురు గుడ్డ వదల్లేదు. "అమ్మకేం చెప్పను?"

"అన్నం పెట్టేదాకా ఆగి చెప్పు. తిట్లతో కడుపు నిండదు. జరుగు."

మధ్యాహ్నం దాకా గీకాడు. ఉప్పు పెంకులు పెంకులుగా రాలింది. ఒక్కో పెంకు ఊడినప్పుడల్లా కుడి మణికట్టు ఇంకాస్త బిగిసింది. చివరికి గ్రీజు డబ్బా మూత కూతురే తీసింది. ఎడమచేత్తో పూసి, ఇద్దరూ కలిసి ఇరుసు ఎక్కించారు. ఆమె ఒక్క వేలితో తోసింది. చుక్కాని చప్పుడు లేకుండా తిరిగింది.

మర్నాడు అదే సందులో గాలి ఒక్కసారిగా అడ్డం తిరిగింది. ఆమె చుక్కాని మళ్లించింది. పడవ రాళ్లకు తగలకుండా బయటికొచ్చింది. పన్నెండు మందీ దిగి ఇళ్లకెళ్లారు.

మేస్త్రి కుడి మణికట్టు మళ్లీ తిరగలేదు. ఇంటి తాళం ఆయన భార్య తీస్తుంది.