వరహాలమ్మ బోణీ లెక్క

నేను ఒక లెక్కపెట్టే పెట్టెను. వెబ్‌సైటు అడుగున, ఎడమ మూల, 'ఇంతమంది చూశారు' అని అంకెలు వాటంతటవే మారుతుంటాయే, అదే నేను. ఎవరు తెరిచినా ఒకటి కలుపుతాను. ఎందుకు తెరిచారని అడగను. నా భయమంతా అక్కడే ఉంది.

నన్ను రాజమండ్రిలో ఒక కంప్యూటరు పనివాడు తయారుచేశాడు. మొదట ఒక కల్యాణ మండపం వాళ్ల సైటులో పెట్టి, పుడుతూనే లక్ష నుంచి మొదలెట్టమన్నాడు. సిగ్గుతో చచ్చాను. ఆ సైటు మూతపడ్డాక నన్ను తెచ్చి ఆత్రేయపురం వరహాలమ్మ పూతరేకుల సైటుకు తగిలించాడు. ఆవిడ మాత్రం, "సున్నా నుంచే పెట్టు బాబూ, అబద్ధం అచ్చిరాదు" అంది. అప్పుడే ఆవిడ మీద నాకు ప్రేమ పుట్టింది.

అయితే వరహాలమ్మకు కొట్టు అలవాటు పోలేదు. తెల్లారగానే బోణీ కావాలి. మంచి చేతి బోణీ అయితే రోజంతా బేరం సాగుతుందని ఆవిడ నమ్మకం. అందుకని ఫోను కళ్లకద్దుకుని సైటు తానే ముందు తెరిచేది. తర్వాత రేకులు తీసే ఆడవాళ్లూ, చుట్టాలూ, వియ్యాలవారూ తలా ఒకసారి తెరవాలి. ఎవరైనా మరిచిపోతే ఫోను చేసి మరీ గుర్తుచేసేది. నేను పులిసిన పిండిలా పొంగాను. సాయంత్రానికి నా వంక చూసి మురిసిపోయేది. బోణీ చేసినవాళ్లనే బేరగాళ్లుగా లెక్కేసుకుంటున్న సంగతి ఆవిడకు తట్టనేలేదు.

సైటు నుంచి ఆర్డరంటూ ఒక్కటీ రాలేదు. ఇల్లు గడుస్తున్నది బస్టాండు దగ్గరి అద్దె కొట్టుతోనే. ఆ కొట్టునే ఖాళీ చేస్తానని ఆవిడ అన్న రోజు నాకు వణుకు పుట్టింది.

"ఇంతమంది చూస్తుంటే ఇంకా కొట్టెందుకు వదినా?" అని ఆడపడుచు భ్రమరాంబతో ఫోనులో అంది.

భ్రమరాంబ గడుసు మనిషి. "చూసేది మనోళ్లేనేమో చూసుకో వరహాలూ. రేపొక్క రోజు బోణీలు మానిపించు, తెలిసిపోద్ది."

"సరే వదినా. బయటోళ్లు ఒక్కరొచ్చినా చాలు, కొట్టు తాళాలిచ్చేస్తాను. రాకపోతే కొట్టు వదల్ను."

ముందురోజు తెరిచిన పేజీని మూయకుండా అలాగే ఉంచి, తెల్లారగానే నా ముందు కూర్చుంది. ఎవరూ తెరవలేదు. నేను కదల్లేదు. మధ్యాహ్నం దాటినా ఆవిడ అన్నం ముట్టలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ ఒక్క పూట ఓర్చుకో తల్లీ, కొట్టు దక్కుతుంది అని లోలోపలే మొక్కుకున్నాను.

ఆవిడ భర్త గవర్రాజుకు తాళాల మాట తెలియదు. ఇవాళ బోణీ వద్దన్నారని మాత్రమే తెలుసు. గుమ్మంలోంచి, "కాస్త తినవే" అన్నాడు. ఆవిడ నా మీంచి చూపు తిప్పలేదు. పాపం, ఆయన మనసు నీరైపోయింది. పెరట్లోకి వెళ్లి, జేబులోంచి ఫోను తీశాడు.

వద్దయ్యా, వద్దు అని అరవాలనిపించింది. నాకు చేతనయింది ఒకటి కలపడమే. కలిపాను.

"ఏవండీ! ఎవరో వచ్చారండీ!" వరహాలమ్మ కేకకు ఇల్లు దద్దరిల్లింది.

గవర్రాజు నవ్వుతూ లోపలికొచ్చాడు. ఆవిడ అప్పటికే కొట్టు యజమానికి ఫోను కలిపింది. "తాళాలు రేపే పంపించేత్తామండీ. ఇంకెవరికైనా ఇచ్చుకోండి."

గవర్రాజు నవ్వు ఆగిపోయింది. చెప్పబోయి నోరు తెరిచాడు. భార్య మొహంలోని వెలుగు చూసి మళ్లీ మూసుకున్నాడు.

ఆ ఇంట్లో నిజం తెలిసినవాళ్లం ఇద్దరమే. నాకు నోరు లేదు. ఉన్నవాడు భయపడుతున్నాడు.